ఒక తూటాకి ఒకటే బిరడా

జగ్గారావు మూడోసారి కూడా అవే మాటలు చెప్పి, అదే చోట ఆగి, అదే చోట కండువాతో మెడ తుడుచుకున్నాడు. పద్యం అప్పజెప్పే బడిపిల్లలే నయం, వాళ్లు మధ్యలో తడబడతారు అనుకుంది జయంతి.

"నలభై మందొచ్చేరమ్మా. గేటు మీద రాళ్లు. ఆడొక్కడు గోడ దూకి వరండా ఎక్కేడు. సేతిలో ఇనప రాడ్డు. తలుపు బద్దలు కొట్టేస్తన్నాడు. లోపల ఆడోళ్లున్నారు. నానేటి సెయ్యాల? ఈ సోఫా ఎనకాల నిలబడి తలుపులోంచే కాల్సేను. ఒకే ఒక్క దెబ్బ. ఆరుంపావుకి."

"అంత గొడవలో గడియారం ఎప్పుడు చూశారు?"

"కాల్సినాక సూసేను."

"ఆ తర్వాత ఠాణాకి ఫోను. ఆరూ ఇరవైకి."

"మరే."

జరిగింది సోమవారం. ఇవాళ బుధవారం, ఉదయం పదింపావు. సంత స్థలం ఎవరిదన్న తగువు వారం రోజుల్లో గుణుపురాన్ని రెండు ముక్కలు చేసింది. మూడు దుకాణాలు తగలబడ్డాయి. నిషేధాజ్ఞలు పెట్టారు. లైసెన్సు తుపాకులున్నవాళ్లంతా బుధవారం సాయంత్రంలోగా వాటిని ఠాణాలో అప్పగించాలని ఆదేశం వచ్చింది. ఆ గడువు ఇంకా రెండు రోజులుండగా, బియ్యం మిల్లు యజమాని జగ్గారావు ఇంట్లో డబుల్ బ్యారెల్ తుపాకీ పేలింది. వరండాలో గురువులు శవం దొరికింది.

గురువులు పురపాలక నీటి సరఫరాలో వాల్వులు తిప్పే మనిషి. "గృహస్థుని ఆత్మరక్షణ. రెండు పేజీల రిపోర్టు రాసి ముగించేసిరా" అని పైవాళ్లు రాయగడ నుంచి క్రైమ్ విభాగం ఎస్సై జయంతిని పంపారు. వాళ్లకి కావలసింది ఆమె సంతకం. అది తెలిసే ఆమె పెన్ను జేబులోంచి తియ్యలేదు.

"గురువులుని మీరెరుగుదురా?"

"ఎరగకేటి? పదిహేనేళ్లబట్టి ఈ ఈదికి నీళ్లొదిలీవోడు ఆడే. మా ఇంట్లో కొళాయిలు కూడా ఆడే బాగు సేసేవోడు. ఆళ్లు అలగే నమ్మించి ముంచేస్తారమ్మా. ఆ మనుసులే అంత." జగ్గారావు ఆమెని ఎగాదిగా చూశాడు. "మీరు తెలుగోళ్లే గదా. మీ నాన్నగారేటి సేసీవోరు?"

"కోరాపుట్‌లో మురిక్కాలవలు తీసీవోరు. పురపాలక సంఘంలో."

జగ్గారావు ముఖంలో మర్యాద వెలిసిపోయింది. అతను వంటింటి వైపు తిరిగి భార్యని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. రాజులమ్మ టీ తెచ్చింది. భర్తకి స్టీలు గ్లాసు, ఎస్సైకి కాగితం కప్పు. కప్పు బల్లమీద పెట్టి, ఎస్సై ముఖంలోకి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. జయంతి టీ ముట్టుకోలేదు, ఆమె వెళ్లినవైపే చూసింది.

పక్క కుర్చీలో మడత నలగని శాలువా ఉంది. నిన్న వర్తక సంఘంవాళ్లు వచ్చి కప్పి వెళ్లారట. ఒక వాల్వు మనిషిని చంపినందుకు!

ఇంతలో లోపలి గదిలోంచి ఒక మనిషి తన సొంత ఇల్లన్నట్టుగా నడిచివచ్చాడు. మచ్చల మచ్చల మిలిటరీ డ్రెస్సు, నడుముకి వెడల్పు బెల్టు, చేతిలో స్పైరల్ బైండింగు చేసిన పుస్తకం.

"మనోరంజన్. అర్గళ సెక్యూరిటీ. ఈ వీధి ఇళ్ల భద్రత అంతా నాదే, మేడమ్." ఒడియా యాసలో బజారు తెలుగు మాట్లాడుతున్నాడు. "మీకు శ్రమ లేకుండా నేనే మొత్తం రిపోర్టు తయారు చేసేశాను. ఫోటోలు, కొలతలు, టైము, అన్నీ. పత్రికవాళ్లకి కూడా ఇచ్చాను. మీరు పైన మీ లెటర్‌హెడ్ పెట్టుకుంటే చాలు."

"సోమవారం సాయంత్రం మీరెక్కడ?"

"రాయగడలో. క్లయింటు మీటింగు."

"ఇక్కడ లేని మనిషికి ఇన్ని సంగతులు తెలిశాయంటే తెలివైనవారే."

అతను పొగడ్త అనుకుని నవ్వాడు. జయంతి లేచింది.

ముందుగా గేటు దగ్గరికి వెళ్లింది. ఇనపరేకు గేటు, ఈ మధ్యే వేసిన ఆకుపచ్చ రంగు. వేలితో అంచునుంచి అంచుదాకా తడిమింది. ఒక్క నొక్కు లేదు, ఒక్క గీత లేదు. నలభై మంది రువ్విన రాళ్లు గేటుకి దండం పెట్టి, దాని మీదుగా ఎగిరి, వరండాలో బుద్ధిగా కూర్చున్నాయన్నమాట. రాళ్లు పదకొండు. అన్నీ నున్నటి ఏటిరాళ్లే. పెరట్లో అరుగు కట్టడానికి తోలించిన కుప్పలో అలాంటివే ఉన్నాయి.

తలుపు చూసింది. బయటివైపు చెక్క పెళ్లలు లేచిన పిడికిలంత చిల్లు. లోపలినుంచి కాల్చిన మాట నిజమే. కాల్చింది ఎవరిని అన్నదే ప్రశ్న.

గేటుకి ఎదురుగా, వీధి మలుపులో సిమెంటు మూత పెట్టిన వాల్వు గొయ్యి ఉంది. మూత తీసి ఉంది. నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. రక్తమేదైనా ఉంటే అది సోమవారమే కాలవలో కలిసిపోయి ఉంటుంది. జయంతి మోకాళ్ల మీద కూర్చుని సిమెంటు అంచుని పరిశీలించింది. బఠాణీ గింజంత గుంటలు రెండు, తెల్లగా, కొత్తగా. ఆమె తలెత్తింది. అక్కణ్ణుంచి తిన్నగా జగ్గారావు మేడ పిట్టగోడ కనిపించింది.

తెల్లవారగానే ఆమె గురువులు ఇంటికి వెళ్లివచ్చింది. అతని భార్య చిలకమ్మకి ఏడ్చే ఓపిక కూడా అయిపోయింది. "అయిదుకి తిప్పుతాడమ్మా, అయిదుముప్పావుకి కడతాడు. జొరమొచ్చినా, వానొచ్చినా అంతే. వాల్వు కట్టకండా ఇంటికి రాడు. ఆ రోజు ఎనిమిదిదాకా నీళ్లు పారేయంట గదా. మా ఇంటాయన బతికుంటే అలగొగ్గేస్తాడేటి?"

అక్కణ్ణుంచి జగ్గారావు వీధికి వస్తే, అక్కడుండే అంగన్‌వాడీ టీచరు రోజారమణి ఇంకో మాట చెప్పింది. "రెండుసార్లు పేలిందండి. మొదటిది నాను మూడో బిందె పడతన్నప్పుడు. అయిదుంపావు కూడా అవ్వలేదు. రెండోది బాగా ఆలీసెం. పిల్లకి అన్నం ఎడతన్నాను. గోలా? ఏ గోలా లేదు. ఈ ఈదిలోకి ఎవురూ రాలేదండి. అందరం తలుపులేసుకుని బయపడతన్నాం, అంతే."

జయంతి హాల్లోకి తిరిగివచ్చేసరికి మనోరంజన్ సోఫా వెనక నిలబడి, లేని తుపాకీని భుజానికి ఆనించి చూపిస్తున్నాడు.

"ఇదిగో మేడమ్, ఈ పొజిషన్. టార్గెట్ తలుపు బయట. ధడేల్! క్లీన్ కేస్. ఇంట్లో మగాడన్నవాడుంటే చెయ్యాల్సిన పనే చేశాడు. ఇందులో డిటెక్టివ్ పని ఏముంది?"

"తలుపు చిల్లు ఎంతుంది?"

"పిడికిలంత. దగ్గరగా కాలిస్తే గుళ్లన్నీ గుత్తిగా పోతాయి. మీకు ట్రైనింగులో చెప్పలేదా?"

"చెప్పారు. అందుకే అడుగుతున్నాను. డాక్టర్ సుభశ్రీ నిన్న శవపరీక్ష చేసింది. ఒంట్లో ఐదు గుళ్లు. మెడ కింద మొదలై పొట్టదాకా, రెండు జానల మేర, వేటికవే విడిగా. పిడికిలంత చిల్లులోంచి గుత్తిగా దూరినవి, తలుపుకి అవతల మూరెడు దూరంలో ఉన్న మనిషి మీద అంత మేర ఎలా చెదిరాయి?"

"చెక్క తగిలి చెదురుతాయి."

"సరే. చెక్కలోంచి వెళ్లిన గుండు చెక్కని కూడా తీసుకెళుతుంది. గాయాల్లో ఒక్క పేడు లేదు. చొక్కాలో లేదు. జుట్టులో లేదు."

"అదృష్టం."

"చచ్చిపోయినవాడిదా?" జయంతి గొంతు పెంచలేదు. "గుళ్లు పైనుంచి కిందికి ఏటవాలుగా దిగాయి. గురువులు పొడుగు మనిషి. సోఫా వెనక నిలబడి అతని మెడలోకి కిందికి కాల్చాలంటే జగ్గారావుగారు తొమ్మిదడుగులుండాలి. మీ రిపోర్టులో ఆయన ఎత్తు ఎంత రాశారు?"

మనోరంజన్ పుస్తకం మూశాడు. నవ్వు మాత్రం తీసెయ్యలేదు.

"మేడమ్, మీరు పేదవాళ్ల ఇంట్లోంచి వచ్చారు. మంచిదే. కానీ ఆస్తి ఉన్నవాడి భయం మీకు తెలీదు. రాత్రీ పగలూ ఎవడొస్తాడో అని కూర్చునేవాడికి పోలీసులు ఏం చేశారు? లాఠీలు పట్టుకుని చౌరస్తాలో నిద్రపోయారు. నేనొచ్చాక ఈ వీధి ధైర్యంగా పడుకుంటోంది. నలభై ఒక్క ఇళ్లు నా గ్రూపులో ఉన్నాయి."

"ధైర్యంగానా? పది దాటినా ఒక్క కిటికీ తెరుచుకోలేదు. మీరు వీళ్లకి అమ్మేది ధైర్యం కాదు, భయం. అది తగ్గితే మీ కొట్టు మూసుకోవాలి." ఆమె తన ఫోనులో ఒక ఫోటో తీసి చూపించింది. రోజారమణి ఫోనులో దొరికిన గ్రూపు మెసేజి అది. "సోమవారం నాలుగూ యాభై ఎనిమిదికి మీరే పెట్టారు. 'ఇనప రాడ్లతో మనుషులు మీ వీధికి వస్తున్నారు. తుపాకులు లోడు చేసుకోండి.' వాల్వు తిప్పే కడ్డీ పట్టుకుని గురువులు వచ్చేది సరిగ్గా అయిదుకి. రోజూ. పదిహేనేళ్లుగా. మీ కబురుకీ అతని రాకకీ రెండు నిమిషాలు తేడా."

"నాకు సోర్సులున్నాయి."

"వాటి పేర్లు మధ్యాహ్నం ఠాణాకొచ్చి రాసివ్వండి. ఊరు దాటొద్దు."

"నన్ను ఊరు దాటొద్దనడానికి మీకు ఏ ర్యాంకు సరిపోతుందో మీ పైవాళ్లని అడిగి చెబుతాను." అతను బెల్టు సర్దుకుని, జగ్గారావు వైపు ఒక చూపు విసిరి వెళ్లిపోయాడు. ఆ చూపులో స్నేహం లేదు. బయట మోటారుసైకిలు శబ్దం వీధి చివరదాకా వినిపించి, అక్కడ ఆగింది.

అతన్ని అప్పుడే పట్టుకోవాలని జయంతికీ ఉంది. కానీ చేతిలో ఉన్నవి అనుమానాలే. వస్తువు కావాలి.

ఆమె కానిస్టేబుల్ ధనుంజయ్‌ని పిలిచింది. "ఈ వీధిలో లైసెన్సు తుపాకులున్న ఇళ్ల జాబితా నీ దగ్గరుంది కదా. సాయంత్రందాకా ఆగొద్దు. ఇప్పుడే ఇంటింటికీ వెళ్లి తీసుకో. ఎదురింటి ఉమాపతిగారితో మొదలుపెట్టు."

"ఆజ్ఞా" అని ఒడియాలో సరేననేసి ధనుంజయ్ ఫైలు పట్టుకుని బయల్దేరాడు.

జయంతి మేడ ఎక్కింది. జగ్గారావు వెనకాలే వచ్చాడు, ప్రతి మెట్టు మీదా ఏదో ఒకటి గొణుగుతూ. పిట్టగోడ దగ్గర నిలబడితే వాల్వు గొయ్యి అరచేతిలో ఉన్నట్టుంది. అడుగుల్లో అయితే డెబ్బై ఉంటుందేమో. ఆ రెంటికీ మధ్య, ప్రహరీ గోడ మీదికి అల్లుకున్న సన్నజాజి పందిరి. ఆకుల మధ్య ఒకచోట తెల్లగా మెరుస్తోంది. పువ్వు కాదు.

ఆమె కిందికి దిగి, కుర్చీ వేసుకుని, పందిరిలోకి చెయ్యి పెట్టి రుమాలుతో దాన్ని తీసింది. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, ఒక చివర నాలుగు రేకులుగా విచ్చుకుని, మసిపట్టి ఉంది. జేబులోంచి సీలు వేసిన చిన్న సంచీ తీసి పక్కన పెట్టింది. అందులోనూ అలాంటిదే. సోమవారం ఠాణావాళ్లకి వరండాలో దొరికినది.

"ఇదేటో తెలుసా, జగ్గారావుగారూ?" ఆమె గొంతులోకి ఇప్పుడు ఇంటి యాస దిగింది. "తూటాలో గుళ్ల ఎనకాల ఉండే బిరడా. తుపాకీ పేల్తే గుళ్లతో పాటు బయటికొచ్చి, దార్లో పడిపోద్ది. ఒక తూటాకి ఒకటే బిరడా. మీరు ఒకే ఒక్క దెబ్బన్నారు. మరి రెండెలగొచ్చేయి?"

జగ్గారావు మళ్లీ కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఈసారి పాఠంలో లేని చోట.

"నాను సెప్తాను" అంది జయంతి. "మొదటిది మేడ మీంచి, అయిదుంపావు లోపల, వాల్వు తిప్పి నిలబడ్డ మనిషి మీద. అతన్ని ఈడ్చుకొచ్చి వరండాలో పడేసేరు. గంట కూసుని కథ అల్లేరు. పెరట్లో రాళ్లు తెచ్చి పరిసేరు. ఆరుంపావుకి ఖాళీ తలుపుని కాల్సేరు. నలభై మంది దొమ్మీకి ఎదురు నిలబడ్డ మొగోడని శాలువా కప్పించుకున్నారు. సిగ్గనిపించలేదేటి?"

"నాకేటి తెలీదు. నా వకీలొచ్చేదాకా నాను..."

"సెప్పీ." ఆ మాట రాజులమ్మది. గుమ్మంలో నిలబడి ఉంది. "నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను. రెండు రోజులయ్యింది నాను కన్ను మూసి."

"లోపలికెల్లే!" అన్నాడు జగ్గారావు.

ఆమె వెళ్లలేదు. జయంతి వైపు తిరిగింది. "బట్టలు తీద్దారని మేడెక్కేను తల్లీ. ఆ మచ్చల బట్టలోడు ఈయన తుపాకీ పట్టుకుని పిట్టగోడ కాడ ఉన్నాడు. ఈయన పక్కనున్నాడు. గురువులు వాల్వు తిప్పి, ఇటు సూసేడు. ఈయన్ని సూసి దణ్ణమెట్టేడు. రోజూ ఎట్టేవోడే. దణ్ణమెట్టిన సెయ్యి దించనేదు."

జగ్గారావు వరండా మెట్టు మీద కూలబడ్డాడు. బలిసిన మనిషి, ఒక్కసారిగా సంచిలా నలిగిపోయాడు. జయంతి తనకి జాలి కలుగుతుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. కలగలేదు.

"నాను సెప్పేనమ్మా" అన్నాడు జగ్గారావు. "ఆడు మన గురువులే అన్నాను. 'ఎవడైతే ఏటి, సేతిలో రాడ్డుంది కదా' అన్నాడు. 'ఒక్కడు పడితే గానీ ఈ ఈదికి భద్రత ఇలవ తెలీదు' అన్నాడు. కాల్సీసేడు. ఆ తరవాత నన్ను కూసోబెట్టి, 'నేను కాల్చేనంటే హత్య. మీరు కాల్చేరంటే ఆత్మరక్షణ. మీ ఇల్లు, మీ తుపాకీ. ఏది కావాలో సెప్పండి' అన్నాడు."

"మీరు శాలువా కావాలన్నారు."

జగ్గారావు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "బయమేసిందమ్మా."

"గురువులుకి భయపడే టైము కూడా ఇవ్వలేదు మీరు. ఈ మాటలన్నీ ఇప్పుడే రాసివ్వండి. రాజులమ్మగారూ, మీరు కూడా."

ఆమె అప్పుడు పెన్ను తీసింది. ఇంతలో మెట్టు మీద పడి ఉన్న జగ్గారావు ఫోను రెండుసార్లు గుయ్యిమంది. ఆ వెంటనే ఎదురింట్లో, పక్కింట్లో, గోడ అవతల, మూసిన కిటికీల వెనక చిన్న చిన్న చప్పుళ్లు వినిపించాయి. వీధిలో ఫోనులన్నీ ఒకేసారి మేలుకున్నట్టు.

జయంతి ఫోను అందుకుని చదివింది. గ్రూపులో మనోరంజన్ మెసేజి.

"అలర్ట్. పోలీసు డ్రెస్సులో నకిలీ మనుషులు తుపాకులు లాక్కోవడానికి మీ వీధిలో తిరుగుతున్నారు. ఒక ఆడది కూడా ఉంది. తుపాకీ ఇచ్చారంటే రాత్రికి మీ ఇల్లుండదు. తలుపు తియ్యొద్దు. గేటు దాటితే కాల్చండి. చట్టం మీవైపే."

ఆమె ధనుంజయ్‌కి ఫోను చేసింది. ఆ ఫోను ఎక్కడో దూరంగా కాదు, వీధికి అవతలివైపే మోగింది. ఎత్తేలోపే తుపాకీ పేలింది.

జయంతి గేటు దగ్గరికి పరుగెత్తింది. ఉమాపతి ఇంటి గేటు ఓరగా తెరిచి ఉంది. ధనుంజయ్ గేటు స్తంభం చాటున చతికిలబడి, ఎడమ చెయ్యి కుడిచేత్తో గట్టిగా అదిమిపట్టుకుని ఉన్నాడు. ఖాకీ చేతి కింద ఎరుపు వేగంగా పాకుతోంది. జాబితా కాగితాలు రోడ్డంతా పరుచుకున్నాయి.

"చెయ్యికే, మేడమ్. నేను బానే ఉన్నాను. మీరు రావొద్దు!"

ఎదురు మేడ మీద బోడితల, కళ్లద్దాలు, వాటి ముందు రెండు గొట్టాలు. నలభై ఏళ్లు గుమస్తా పని చేసి రిటైరైన ఉమాపతి ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు. "దొంగ పోలీసులు! దొంగ పోలీసులొచ్చీసేరు! అందరూ రండి! ఇంకోర్తి ఉన్నాది, ఆడది, అదిగో, గేటు కాడ!"

ఎడమవైపు మూడో ఇంట్లో కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. దానికి అవతల ఇంట్లో గడియ పడిన చప్పుడయింది. జాబితాలో ఈ వీధికి పదకొండు తుపాకులున్నాయి. ఇంతసేపూ మొదటి గేటు దగ్గరే పిలుస్తూ నిలబడ్డ ధనుంజయ్ ఒక్కటి కూడా తీసుకోలేకపోయాడు.

"ఎల్లకమ్మా" అన్నాడు వెనకనుంచి జగ్గారావు. "ఆడికి మతి లేదు. కాల్సీస్తాడు."

జయంతి బిరడా ఉన్న సంచీనీ, రెండో బిరడా చుట్టిన రుమాలునీ చొక్కా లోపలికి దోపుకుంది. నడుముకున్న పిస్తోలు జోలికి పోలేదు. రెండు చేతులూ, అరచేతులు కనబడేలా, భుజాలకి పక్కగా ఎత్తింది.

మేడ మీద ముసలాయన తుపాకీని ఆమె వైపు తిప్పాడు. ఒక గొట్టం ఖాళీ అయింది. రెండోది నిండుగా ఉంది. ధనుంజయ్ రక్తం స్తంభం అడుగునుంచి రోడ్డు మీదికి వచ్చింది.

"ఉమాపతిగారూ" అని, వీధి మొత్తానికీ వినబడేలా పిలిచి, ఆమె గేటు దాటింది.